‘జాస్’ సొరచేప మొరాయించడం అదృష్టమేనా? ఎడిటింగ్ టేబుల్ దగ్గర నుంచి నా సమాధానం

మీరు అడిగినవి రెండు. ‘జాస్’ సినిమా కోసం చేసిన యాంత్రిక సొరచేప మొరాయించింది కాబట్టే దాన్ని చూపించకుండా తీశారనీ, అందుకే సినిమా అంత భయపెట్టిందనీ అంటారు, నిజమేనా అన్నది ఒకటి. మీ షార్ట్ ఫిల్మ్‌లో ఊళ్లోకి వచ్చే చిరుత బొమ్మ సరిగా కుదరలేదు కాబట్టి దాన్ని చూపించకుండా లాగించేస్తే సరిపోతుందా అన్నది రెండోది.

మొదటిది సగమే నిజం. రెండోదానికి నా జవాబు, సరిపోదు. చూపించని చోట ఏదో ఒకటి ఉండాలి. అది ఎవరో ఒకరు షూటింగ్‌లో తీసుకురావాలి, ఎడిటింగ్‌లో కూర్చాలి. ‘జాస్’ విషయంలో జనం ఈ రెండో భాగాన్ని వదిలేసి ‘అదృష్టం’ అనే మాట ఒక్కటే పట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా ఎడిటింగ్ గదిలో ఉన్నవాడిగా అది నన్ను బాధపెట్టే విషయం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికీ మూలం సముద్రం. సముద్రతీరపు ఊరి జనాన్ని చంపే సొరచేప కథ ఇది. దీనికి ఆధారమైన పీటర్ బెంచ్లీ నవల 1974లో వచ్చింది. నిర్మాతలు రిచర్డ్ జానక్, డేవిడ్ బ్రౌన్ పుస్తకం బయటికి రాకముందే హక్కులు కొన్నారు. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్‌కి షూటింగ్ మొదలయ్యే నాటికి 27 ఏళ్లు. అలాంటి కథని స్టూడియోలో నీళ్ల ట్యాంకు కట్టి, వెనకాల ఆకాశం తెర వేసి తీయడం అప్పట్లో మామూలు పద్ధతి. ఆయన ఒప్పుకోలేదు, అసలు సముద్రమే కావాలన్నాడు. అమెరికాలోని మసాచుసెట్స్ తీరానికి దగ్గర్లో ఉన్న మార్తాస్ వైన్‌యార్డ్ అనే దీవిని ఎంచుకున్నారు. ఎంచుకున్న కారణం చూడండి: అక్కడ ఒడ్డు నుంచి 12 మైళ్ల దూరం వెళ్లినా నీటి లోతు 35 అడుగులు దాటదు, అడుగున అంతా ఇసుక. అంటే చుట్టూ ఎక్కడా నేల కనపడనంత దూరం వెళ్లినా, సొరచేపని నడిపించే ఇనప వేదికని సముద్రం అడుగున నిలబెట్టొచ్చు. కాగితం మీద ఇంతకంటే మంచి లొకేషన్ దొరకదు.

సొరచేపలు మూడు చేశారు. ప్రొడక్షన్ డిజైనర్ జో ఆల్వ్స్ రూపం గీశాడు. డిస్నీ వాళ్ల ‘20,000 లీగ్స్ అండర్ ద సీ’లో రాక్షస స్క్విడ్‌ని చేసిన బాబ్ మ్యాటీ వీటిని తయారు చేశాడు. ఒకటి తాళ్లతో లాగే నిలువెత్తు బొమ్మ. దానికి పొట్ట కింద భాగం ఉండదు. మిగతా రెండూ ఒక వైపు మాత్రమే చర్మం ఉన్నవి. ఒకటి కెమెరాకి ఎడమ నుంచి కుడికి వెళ్లడానికి, ఇంకోటి కుడి నుంచి ఎడమకి వెళ్లడానికి. రెండో వైపు అంతా గాలి గొట్టాలూ ఇనప చట్రమూ. పొడవు 25 అడుగులు. యూనిట్ వాళ్లు దానికి ‘బ్రూస్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. అది స్పీల్‌బర్గ్ లాయరు పేరు.

వీటిని మంచినీళ్లలో పరీక్షించారు గానీ ఉప్పునీళ్లలో పరీక్షించలేదు. సముద్రంలో దించగానే ఉప్పు యంత్రాన్ని తినేసింది. చర్మం నీళ్లు పీల్చి ఉబ్బిపోయేది. నాచు చుట్టుకునేది. ఒక సొరచేప నేరుగా అడుక్కి మునిగింది. 12 టన్నుల వేదిక దించేటప్పుడు బోల్తాపడితే గజ ఈతగాళ్లు దిగి పైకి తేవాల్సి వచ్చింది. సొరచేప బాగున్న రోజు సముద్రం బాగుండేది కాదు. రెండూ బాగుంటే వెనకాల ఎవరో సెలవులకి వచ్చినవాళ్ల తెరచాప పడవ ఫ్రేములోకి వచ్చేది. నడిసముద్రంలో ముగ్గురు మనుషులు ఒంటరిగా చిక్కుకున్నారని చెప్పే సీనులో పక్కన పడవ కనపడితే ఇంకేం మిగులుతుంది? అది ఫ్రేము దాటి పోయేదాకా ఆగేవాళ్లు. ఈలోగా ఎండ మారిపోయేది, అలల రంగు మారిపోయేది, లంగరు జారిపోయేది. 12 గంటల పనిదినంలో నికరంగా షూటింగ్ జరిగింది 4 గంటలని లెక్క. 55 రోజుల షెడ్యూలు 159 రోజులైంది. 40 లక్షల డాలర్ల బడ్జెట్ 90 లక్షలకు చేరింది. కథలో ముగ్గురూ వేటకి వెళ్లే పడవ ‘ఓర్కా’ ఒకరోజు నటులు మీద ఉండగానే మునిగిపోయింది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. ఇక్కడ ఆగిపోయి ‘చూశారా, బొమ్మ పాడైంది, సినిమా బాగుపడింది’ అంటారు. నేనడిగేది ఒక్కటే. బొమ్మ పాడైన సినిమాలు లోకంలో ఎన్ని లేవు? నా చేతుల మీదుగానే కొన్ని వెళ్లాయి. అవన్నీ ‘జాస్’ కాలేదేం?

సొరచేప లేని రోజున వాళ్లు ఏం తీశారో చూడాలి. మొదటి సీను తీసుకోండి. రాత్రి పూట ఒక అమ్మాయి సముద్రంలో ఈదుతూ ఉంటుంది. ఆ పాత్ర వేసిన సూజన్ బ్యాక్‌లిని స్టంట్ కళాకారిణి. ఆమె నడుముకి పట్టీ కట్టి, తాళ్లు వేసి, అటూ ఇటూ మనుషులు లాగారు. మనకి కనపడేది ఏమిటి? తల ఒక్క కుదుపుతో నీళ్లలోకి దిగడం. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆమె మొహంలో ఇంకా నొప్పి కూడా లేదు, ఆశ్చర్యం మాత్రమే. తర్వాత ఒక్కసారిగా పక్కకి గుంజుకుపోవడం, నీటిని చీల్చుకుంటూ. ఆ వేగం చూడండి, మనిషి ఈదే వేగం కాదు, మనిషిని ఏదో మోసుకుపోతున్న వేగం. ఆ కింద ఉన్నదాని బరువు, బలం, కోపం మొత్తం మనకి ఆ అమ్మాయి భుజాల కదలికలో తెలిసిపోతాయి. నీటి మీద తేలుతూ గంట కట్టి ఉన్న బోయాని ఆమె పట్టుకుంటుంది, గంట మోగుతుంది. తర్వాత అంతా నిశ్శబ్దం. బొమ్మ ఎంత బాగా పనిచేసినా ఈ షాటుకి సాటి రాదు. ఈ షాటు దానంతట అది పుట్టలేదు, ఎవరో కూర్చుని తాళ్ల దిశ, కుదుపు ఎప్పుడు, విరామం ఎంత అని ఆలోచిస్తే పుట్టింది.

రేవు సీను కూడా అంతే. ఇద్దరు మనుషులు గొలుసుకి మాంసం ముద్ద కట్టి ఎర వేస్తారు. సొరచేప లాగితే చెక్క రేవు విరిగి, ఆ విరిగిన ముక్క సముద్రంలోకి కొట్టుకుపోతుంది. ఇంతవరకు సరే. ఆ ముక్క మెల్లగా వెనక్కి తిరుగుతుంది! నీళ్లలో పడ్డ మనిషి వైపు వస్తుంది. తెర మీద ఉన్నది నాలుగు చెక్కలే, కానీ హాల్లో కుర్చీల చేతులు గట్టిగా పట్టుకోని మనిషి ఉండడు. రెండో సగంలో, సొరచేపకి ఈటె గుచ్చి దానికి తాడుతో తగిలించిన పసుపు పీపాలు ఇదే పని చేస్తాయి. పీపా నీటి మీద పరుగు తీస్తే సొరచేప పరుగు తీస్తోంది, పీపా మునిగితే అది లోపలికి వెళ్లింది, పీపా పైకి తేలితే అది పక్కనే ఉంది. ఒక వస్తువు ఇంకో ప్రాణికి వేషం కట్టింది. ప్రేక్షకుడికి ఈ లెక్క మొదట నేర్పించి, తర్వాతే వాడుకున్నారు. మీ చిరుత కథకి ఇది చాలా ముఖ్యం, చివర్లో మళ్లీ వస్తాను.

ఇప్పుడు వెర్నా ఫీల్డ్స్ గురించి. ఈ సమాధానం రాయడానికి అసలు కారణం ఆవిడే. ‘జాస్’ ఎడిటర్. దీవి మీదే ఒక అద్దె ఇంట్లో ఎడిటింగ్ పెట్టుకుని, షూటింగ్ జరుగుతుండగానే కట్ చేస్తూ వచ్చారు. దీని విలువ మన వాళ్లకి చెప్పాలి. ఇక్కడ చాలాసార్లు షెడ్యూలంతా అయ్యాక ఎడిటర్ చేతికి రషెస్, అంటే కూర్చని ముడి ఫిల్మ్, వస్తాయి. ‘ఈ షాటు ఎందుకు లేదు’ అంటే సెట్ ఎప్పుడో విప్పేశారంటారు. ఎడిటర్ దీవి మీదే ఉండటం వల్ల ఏ సీను ఎంతవరకు నిలబడుతోంది, ఏ షాటు తక్కువైంది, సొరచేప లేకుండా ఎక్కడ నడిపించొచ్చు అన్నది అక్కడికక్కడే తెలిసేది.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న పాఠం ఫ్రేముల లెక్క. యాంత్రిక సొరచేప ఒక షాటులో 36 ఫ్రేముల వరకు బతికున్నట్టే ఉండేదనీ, 38 ఫ్రేములకి వెళ్తే బొమ్మ అని తెలిసిపోయేదనీ స్పీల్‌బర్గ్ తర్వాతి కాలంలో చెప్పారు. సెకనుకి 24 ఫ్రేములు. 36 అంటే సెకనున్నర. ఆ రెండు ఫ్రేములు సెకనులో పన్నెండో వంతు. రెప్పపాటు కూడా కాదు. ఎంతో కష్టపడి, లక్షలు పోసి, రోజుల తరబడి ఎదురుచూసి తీసిన షాటు దర్శకుడికి ప్రాణం. దాన్ని ఇంకో రెండు ఫ్రేములు ఉంచమని అడగడం సహజం. వద్దని చెప్పి నిలబడటం ఎడిటర్ పని.

ఇది నాకు ఎందుకు అంత లోతుగా తాకిందో చెబుతాను. నేను మద్రాసులో అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో ఒక సినిమాకి మొసలి బొమ్మ చేయించారు. రబ్బరు మొసలి, లోపల మోటారు. నోరు తెరిచేది గానీ మూసేటప్పుడు దవడ ఒకసారి వణికేది, దానితో పాటు మెడ దగ్గర ఒక మడత పడేది. మా గురువుగారు మూవియోలా (అప్పటి ఎడిటింగ్ యంత్రం) మీద ఆ షాటుని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూశారు. గ్రీజు పెన్సిల్‌తో ఫిల్మ్ మీద ఒక గీత పెట్టి ‘ఇక్కడ కొయ్యి’ అన్నారు. నేను గీత పక్కన కోశాను, ఒక ఫ్రేము అటు. కలిపి చూస్తే మడత మొదలవుతున్నట్టు కనీ కనపడకుండా ఉంది. ఆయన ఏమీ అనలేదు, కత్తిరించి పారేసిన ముక్కల బుట్ట చూపించారు. ఆ ఒక్క ఫ్రేము తీసేసి మళ్లీ అతికించాను. మొసలి బతికింది. కానీ ఆ తర్వాత నిర్మాత వచ్చి ఖర్చు పెట్టించిన బొమ్మ ఎక్కువసేపు కనపడాలన్నారు. మా గురువుగారి మాట చెల్లలేదు. షాటు పూర్తిగా పెట్టారు. మొదటి రోజు మార్నింగ్ షోలో ఆ సీనుకి జనం నవ్వారు. వెర్నా ఫీల్డ్స్ రెండు ఫ్రేముల కథ చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ నవ్వే.

‘జాస్’ ఎడిటింగ్‌లో చాలామంది గమనించని చోటు బీచ్ సీను. పోలీస్ చీఫ్ బ్రోడీ ఇసుకలో కూర్చుని నీళ్ల వైపే చూస్తుంటాడు. ఎవరికీ చెప్పలేని భయం అతనిది. అతని ముందు నుంచి స్నానం దుస్తుల్లో జనం అడ్డంగా నడుస్తుంటారు. ఒక మనిషి కెమెరా ముందు నుంచి దాటిపోతుండగా, ఆ అడ్డులోనే కట్ పడుతుంది. తెర తొలగేసరికి మనం బ్రోడీకి ఇంకొంచెం దగ్గరవుతాం. మళ్లీ ఒకరు దాటితే ఇంకొంచెం. కట్ కనపడదు, అతని ఊపిరి బిగుసుకోవడం మాత్రం కనపడుతుంది. మధ్యలో నీళ్లలో నల్లగా ఏదో తేలుతుంది, చూస్తే ముసలాయన నల్ల టోపీ. ఒక అమ్మాయి అరుస్తుంది, చూస్తే ప్రియుడు ఎత్తుకున్నాడు. ఒక కుర్రాడు కుక్కని పేరు పెట్టి పిలుస్తుంటాడు. కుక్క రాదు, అది తెచ్చే కర్ర ఒక్కటే నీళ్ల మీద తేలుతూ ఉంటుంది. ఆ కర్ర షాటు ఎంతసేపుందో ఒకసారి చూడండి, చాలా తక్కువ. కుక్క సంగతి ఎవరూ చెప్పరు, మనకే అర్థమవుతుంది. ఆ తర్వాతే నీళ్ల అడుగు నుంచి పిల్లవాడి కాళ్ల వైపు కెమెరా కదులుతుంది, అప్పుడే సంగీతం మొదలవుతుంది. చివరికి బ్రోడీ మొహం మీద ట్రాలీ ముందుకీ జూమ్ వెనక్కీ ఒకేసారి వెళ్లే ఆ షాటు. మొహం అక్కడే ఉంటుంది, వెనకాల లోకమంతా సాగిపోతుంది. ఆ సీను మొత్తంలో సొరచేప ఎంతసేపుంది? దాదాపు లేదు. దాన్ని బొమ్మ మొరాయించిన ఫలితం అనగలమా?

సంగీతం గురించి ఒక్క విషయమే రాస్తాను, మిగతాది అందరూ రాసిందే. జాన్ విలియమ్స్ ఆ రెండు స్వరాలని పియానో మీద వినిపించినప్పుడు స్పీల్‌బర్గ్ అది హాస్యమనుకుని నవ్వాడు. గొప్పతనం ఆ రెండు స్వరాల్లో ఎంతుందో, వాటిని వాడని చోట అంతే ఉంది. ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన సొరచేప రెక్క పెట్టుకుని జనాన్ని భయపెట్టే సీనులో ఆ సంగీతం రాదు. నిజంగా సొరచేప ఉన్నప్పుడే వస్తుంది. మన చెవి ఆ నిజాయితీకి అలవాటు పడుతుంది. అప్పుడు ‘ఓర్కా’ మీద బ్రోడీ వెనక్కి చూడకుండా సముద్రంలోకి ఎర మాంసం విసురుతుంటే, ఏ సంగీతమూ లేకుండా సొరచేప తల పైకి లేస్తుంది. సినిమా మొదలైన దాదాపు 80 నిమిషాలకి. అంతకుముందు ఉప్పుటేరు సీనులో నీళ్ల కింద ఒక్క క్షణం మెరిసి పోతుందే తప్ప, దాని మొహం మనం సరిగా చూసేది అప్పుడే. రీరికార్డింగ్‌లో ఒక నియమం పెట్టుకుని, 80 నిమిషాలు పాటించి, ఒక్కసారి తప్పడం. అది ప్లాను కాక ఇంకేమిటి?

నిజంగా అదృష్టం అనదగ్గ చోటు ఒకటుంది, అది ఆస్ట్రేలియాలో. అసలైన సొరచేపల షాట్ల కోసం రాన్, వాలరీ టేలర్ దంపతులని దక్షిణ ఆస్ట్రేలియా సముద్రంలో తీయమన్నారు. అక్కడి సొరచేపలు బొమ్మంత పెద్దవి కావు కాబట్టి, పోలికకి చిన్న బోను చేయించి, అందులోకి పొట్టి మనిషిని దించాలన్నది ఏర్పాటు. ఒక సొరచేప ఖాళీ బోను తాళ్లలో చిక్కుకుని, వదిలించుకోవడానికి గింజుకుంటూ బోనుని చిందరవందర చేసింది. అద్భుతమైన ఫుటేజి. కానీ బోనులో మనిషి లేడు! నవలలో ఆ బోనులో ఉన్న హూపర్, వేటకి వెళ్లిన ముగ్గురిలో సొరచేపల శాస్త్రవేత్త, చనిపోతాడు. ఈ ఫుటేజి వాడుకోవాలంటే అతను బోనులోంచి తప్పించుకుని ఉండాలి. కథనే మార్చి హూపర్‌ని బతికించారు. అదృష్టం తలుపు కొట్టింది, నిజమే. తీసినవాళ్లకి దాన్ని పట్టుకునే నేర్పు ఉంది.

1975 మార్చిలో డాలస్‌లో ప్రివ్యూ వేస్తే జనం కేకలు పెట్టారు. ఇంకెవరైనా అయితే అక్కడితో చేతులు కడుక్కునేవాళ్లు. స్పీల్‌బర్గ్‌కి ఇంకో కేక కావాలనిపించింది. మునిగిన పడవ కన్నంలోంచి శవం తల బయటికి వచ్చే సీను అనుకున్నంతగా పేలలేదని ఆయనకి తోచింది. మళ్లీ తీయడానికి స్టూడియో డబ్బివ్వనంది. సొంతంగా 3,000 డాలర్లు పెట్టుకున్నాడు. ఎక్కడ తీశారనుకున్నారు? వెర్నా ఫీల్డ్స్ ఇంటి ఈత కొలనులో. కాలిఫోర్నియా కొలను నీళ్లు తేటగా ఉంటాయి, అట్లాంటిక్ నీళ్లు మసగ్గా ఉంటాయి. అందుకని కొలనులో పాలపొడి కలిపారు, పైన టార్పాలిన్ కప్పి చీకటి చేశారు. మన భాషలో ప్యాచ్ వర్క్. ఆ షాటుకి ఈ రోజుకీ హాల్లో జనం ఎగిరి పడతారు. 159 రోజులు సముద్రంలో అవస్థ పడ్డ సినిమాలో అతి పెద్ద కేకల్లో ఒకటి, ఎడిటర్ పెరట్లో పాలపొడితో వచ్చింది.

సినిమా 1975 జూన్ 20న అమెరికాలో 409 హాళ్లలో విడుదలైంది. ఎడిటింగ్, సౌండ్, సంగీతం మూడింటికీ ఆస్కార్ వచ్చింది. సొరచేప లేని చోట నిలబడ్డవి ఆ మూడే.

ఇక మీ చిరుత. మీరు పంపిన కథలో చిరుత గొడ్ల పాకలోకి వచ్చి మేకని ఎత్తుకుపోతుంది, రాత్రి సీను. బొమ్మ కుదరలేదన్నారు కదా, ముందు దాన్ని పక్కన పెట్టి, చిరుతకి బదులు ఎవరు వేషం కడతారో తేల్చుకోండి. నా ఓటు మేక మెడలో గంటకీ, కట్టిన తాడుకీ. మొదటి పది నిమిషాల్లోనే పగటి వెలుతురులో ఆ గంట చప్పుడు మామూలుగా వినిపించండి, మేక తాడు విప్పి కట్టే షాటు పెట్టండి. రాత్రి సీనులో గుంజకున్న తాడు వదులుగా ఉండాలి, గంట నిదానంగా మోగాలి. తర్వాత తాడు ఒక్కసారి బిగుసుకోవాలి, ఆ కుదుపుకి ముందు ఒక క్షణం గంట ఆగాలి. తాడు తెగి ఇసుకలో ఈడ్చుకుపోయే షాటు నేల మట్టంలో పెట్టుకోండి, కనీసం మూడు నిడివుల్లో తీసుకోండి. పాకలో మిగతా గొడ్లు ఒకే వైపు చూస్తున్న షాటు తప్పనిసరి, అది పగలే మేత చూపించి తీసుకోవచ్చు. ఇవన్నీ లేకుండా చిరుతని తీసేస్తే తెర మీద చీకటి తప్ప ఏమీ మిగలదు.

బొమ్మని పూర్తిగా పారేయకండి. తల తిప్పే షాటు బాగుందన్నారు. దాన్ని సీను చివర్లో, గంట చప్పుడు లేకుండా, ఒకే ఒక్కసారి పెట్టండి. మీ ల్యాప్‌టాప్‌లో 38 ఫ్రేముల దగ్గర ఒక కట్, 36 దగ్గర ఒక కట్, 30 దగ్గర ఒక కట్ చేసుకుని, కథ తెలియని ఇద్దరికి చూపించండి. వాళ్ల మొహాలు చూస్తే ఏది ఉంచాలో తెలిసిపోతుంది. రఫ్ కట్ (తొలి కూర్పు) అయ్యాక పంపండి, తప్పకుండా చూస్తాను.